గోడకు అరలు: కడప రాయా, ప్లైవుడ్డా, ఇనుప ర్యాకా?

దసరా ముందు ఇళ్లు దులుపుకునే రోజులు వచ్చాయంటే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. సామాను పెరిగింది, ఇల్లు పెరగలేదు. గోడకు నాలుగు అరలు వేయించాలి. ప్లైవుడ్ మేలా, కడప రాయి మేలా, ఇనుప ర్యాకు కొనేస్తే సరిపోతుందా?

వాళ్లను నేను మొదట అడిగేది గోడ సంగతి. అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్లలో అరలు పాడవడానికి సరుకు నాణ్యత కంటే గోడలోని చెమ్మే ఎక్కువగా కారణమవుతుంది. మన గోదావరి డెల్టాలో నేలలో నీరు పైపైనే ఉంటుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు పారినన్నాళ్లూ, చుట్టూ చేలల్లో నీళ్లు నిలిచినన్నాళ్లూ పునాది ఆరదు. చెమ్మను ఆపే పొర వేయకుండా కట్టిన పాత ఇళ్లలో, వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక ఆ నీటిని పైకి లాగుతుంది. సాధారణంగా నేల నుంచి మూడడుగుల దాకా సున్నం పెచ్చులు లేచి, తెల్లగా ఉప్పు పూసేది ఇందుకే.

చాలామంది వేసవిలో గోడ చూసి పని మొదలుపెడతారు. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, ఎండలు మండిపోతుంటాయి, గోడ పొడిగా కనిపిస్తుంది. ఆ గోడనే సెప్టెంబరులో, అక్టోబరులో చూడాలి. అర వేయాలనుకున్న చోట అడుగు వెడల్పు పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటి బిందువులు పడితే ఆ గోడలో చెమ్మ ఉన్నట్టే. డ్రిల్లు పెట్టినప్పుడు రాలే పొడి కూడా సంగతి చెబుతుంది. ముందు బూడిద రంగులో రాలేది పూత. తరువాత ఎర్రగా, పొడిగా రాలితే ఆరిన ఇటుక. ఎర్రటి పొడి బిట్టుకు ముద్దలా అంటుకుని వస్తే అక్కడ బరువు వేలాడదీయకండి.

ప్లైవుడ్‌కు అసలు చిక్కు ఇక్కడే. ‘ఎల్’ ఆకారపు బ్రాకెట్ల మీద వేసిన అర బరువంతా గోడే మోయాలి. అడుగు లోతున్న అర మీద నలభై కిలోల సామాను ఉందనుకోండి. రెండు బ్రాకెట్లు ఉంటే ఒక్కో దానికి ఇరవై కిలోలు. బ్రాకెట్‌లో గోడను ఆనుకుని ఉండే కాలు ఆరు అంగుళాలైతే పై స్క్రూను బయటికి లాగే బలం కూడా దాదాపు ఇరవై కిలోలు. ఆ కాలు నాలుగు అంగుళాలే అయితే లాగుడు ముప్పై అవుతుంది. అర లోతు పెరిగిన కొద్దీ ఇంకా పెరుగుతుంది. పూత మందమే అరంగుళం ఉంటుంది. అంగుళం స్క్రూలో సగం ఆ పూతలోనే మిగిలిపోతుంది. కనీసం రెండంగుళాల స్క్రూ, దానికి తగిన ప్లాస్టిక్ ప్లగ్గు కావాలి. రంధ్రం ఇటుకలో పడాలి, రెండు ఇటుకల మధ్య సందులో పడకూడదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. సముద్రం దగ్గరి ఊళ్లలో మామూలు ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలిసిందే.

ఇవన్నీ కుదిరి, గోడ ఆరి ఉండి, అర మనిషి ఎత్తుకు పైన ఉంటే ప్లైవుడ్ చక్కగా పనికొస్తుంది. పుస్తకాలకు, బట్టలకు బాగుంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం తీసుకోండి. బ్రాకెట్ల మధ్య మూడడుగులు దాటితే బరువుకు మధ్యలో వంగుతుంది. కోసిన అంచులన్నిటికీ, ముఖ్యంగా గోడ వైపు అంచుకు, రంగో సీలరో పూయించకుండా బిగించనివ్వకండి. వెనక అంచు ఎవరికీ కనబడదని వదిలేస్తారు. చెమ్మ, చెదలు ముందు పట్టుకునేది దాన్నే.

వంటింటికీ సామాన్ల గదికీ మాత్రం నా ఓటు కడప రాయికే. అందులోనూ గోడలో గాడి కొట్టి దూర్చిన రాయి కాదు, నేల మీద నిలువు పలకలు నిలబెట్టి వాటి మీద అడ్డపలకలు పరిచిన అరలు. ఇరవై మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకు సుమారు అయిదు కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలక, మీద ఏమీ పెట్టకముందే ఇరవై కిలోలు. ఆ బరువు, దాని మీద ఆవకాయ జాడీలు, నూనె డబ్బాలు, ఇత్తడి బిందెలు అన్నీ నిలువు పలకల గుండా నేలకు చేరతాయి. గోడ ఆనుడుకే తప్ప మోయడానికి కాదు. నాలుగున్నర అంగుళాల గోడలకు ఇదే దారి; వాటిలో గాడి కొట్టించడం గోడను బలహీనం చేసుకోవడమే.

రాయిని ఎంచేటప్పుడు తొందర వద్దు. పలకను తడిపి గుడ్డతో తుడిచి కాసేపు ఆగండి. చుట్టూ ఆరిపోయి ఒక సన్నని గీత మాత్రం తడిగా మిగిలితే అది బీట. పక్కన పెట్టించండి. రాయి వంగదు, విరిగేటప్పుడు హెచ్చరించదు. అందుకే నిలువు పలకల మధ్య మూడడుగులకు మించనివ్వకండి. ముందు అంచు నునుపు చేయించకపోతే చేతులు గీసుకుంటాయి. కడప రాయి సున్నపురాయి జాతిది కాబట్టి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే మచ్చ మిగులుతుంది. చెదలు రాయిని తినవు గానీ, దాని మీద పరిచిన పాత పేపరు కోసం గోడ వెంట ఎక్కి వస్తాయి. పేపరు పరిచే అలవాటు మానండి.

అద్దె ఇంట్లో ఉంటే వాదనే లేదు, ఇనుప ర్యాకు కొనుక్కోండి. గోడకు రెండంగుళాల దూరంలో నిలబెట్టి, కాళ్ల కింద రాతి ముక్కలు గానీ రబ్బరు బుష్‌లు గానీ వేయండి. కాళ్ల దగ్గర తుప్పు కనిపించగానే గీకి రంగు వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు.

పీవీసీ బోర్డు తడికీ చెదలకీ భయపడదు, కానీ బరువుకు వంగుతుంది, పొయ్యి వేడి తగిలితే మెత్తబడుతుంది. బాత్రూములో సబ్బులు, షాంపూలు పెట్టుకోవడానికి చాలు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మన గాలికి ఉబ్బిపోతుంది, వద్దు. గాజు అరలు బొమ్మలకే.

గోదావరి పాయల మధ్య దిబ్బల మీదున్న లంక గ్రామాల వారికి ఇంకొక మాట. 1986 ఆగస్టు వరద నీరు, 2022 జూలై వరద నీరు మీ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి గోడ మీద గీత పెట్టుకోండి. బియ్యం, పట్టా కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు పెట్టే అర ఆ గీతకు పైనే ఉండాలి. కింది అరలు రాతివైతే నీరు తీశాక కడుక్కుని మళ్లీ వాడుకోవచ్చు.