చంపడమా, నోరు కట్టడమా? కీమో తరువాత మిగిలే ముదురు కణాల విషయంలో ఏది మేలు

కీమో మందులు గానీ, ఒంగోలు, నెల్లూరు వైపు రోగులు ‘కరెంటు పెట్టడం’ అని చెప్పుకొనే రేడియేషన్ గానీ తాము తాకిన ప్రతి కణాన్నీ చంపవు. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాల్లో కొన్ని చచ్చిపోగా, మరికొన్ని పి53, పి16 వంటి ప్రోటీన్ల కట్టడికి లోబడి, విభజన మానేసి బతికే ఉంటాయి. ఈ స్థితికి సెనెసెన్స్ అని పేరు; ఇలా ఆగిపోయినవే ముదురు కణాలు. మామూలు కణాలు సైతం కొన్ని దఫాల విభజన తరువాత ఇలాగే ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. ఆగిపోవడం వరకు మంచిదే. చిక్కంతా ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రసాయనాలను వదులుతూ ఉండడంలో ఉంది. మొదట్లో అవి రోగనిరోధక కణాలను పిలిచి మేలే చేస్తాయి గాని, నెలల తరబడి సాగితే పక్కనున్న కణజాలాన్ని పాడుచేసి, మిగిలిన క్యాన్సర్ కణాలకు ఊతమిస్తాయి. కీమో ఇచ్చిన ఎలుకల్లో ఈ కణాలను తొలగించినప్పుడు నీరసం, గుండె బలహీనత, క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గాయని 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది.

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల రైతు చెరువు అడుగున చేరిన బురదను తోడి పారబోయాలా, పైనుంచి మందు చల్లి నెట్టుకురావాలా అని తర్జనభర్జన పడినట్టే, వైద్యుల ముందు కూడా రెండు దారులున్నాయి.

మొదటిది ఆ కణాలను చంపే సెనోలిటిక్ మందులు. రక్త క్యాన్సర్‌కు 2006 నుంచి వాడుకలో ఉన్న డాసాటినిబ్‌ను, ఉల్లిపాయల్లోనూ ఉండే క్వెర్సెటిన్‌తో కలిపి ఇస్తే ముదురు కణాలు చస్తాయని 2015లో తేలింది. వీటిని రోజూ మింగనక్కరలేకుండా, కొద్ది రోజులు ఇచ్చి ఆపి, మళ్లీ ఇవ్వవచ్చునన్నది ఈ దారిలోని ఆకర్షణ. అయితే నావిటోక్లాక్స్ అనే మరో మందు ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. కీమోతో అప్పటికే ప్లేట్‌లెట్లు తగ్గిన మనిషికి అది చిన్న విషయం కాదు. పైగా గాయం మానడానికి ఈ ముదురు కణాల సాయం కూడా కావాలి కనుక, ఆపరేషన్ కుట్లు మానకముందే వీటిని తొలగించడం తెలివైన పని అనిపించదు.

రెండవది కణాన్ని చంపకుండా దాని నోరు కట్టడం, అంటే అది ఆ రసాయనాలను వదలకుండా అణచడం. షుగరు మందు మెట్‌ఫార్మిన్, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే రాపమైసిన్, ఎముక మజ్జ జబ్బుకు వాడే రక్సోలిటినిబ్ ఈ కోవలో చర్చకు వస్తాయి. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లకు కూడా ఈ గుణం కొంత ఉంది. మందు ఆపితే కణం మళ్లీ మొదలుపెడుతుంది కాబట్టి చాలాకాలం వాడాలి. చాలాకాలం వాడితే ఇన్‌ఫెక్షన్ల భయం. క్షయ ఇంకా పోని మన దేశంలో రక్సోలిటినిబ్ మొదలుపెట్టేముందు ఆ జబ్బు ఉందేమో చూడడం తప్పనిసరి. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడం మనుషుల్లో ఏం చేస్తుందో కనాకినుమాబ్ అనే, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే ఇంజెక్షన్ ఉదంతం చక్కగా చెబుతుంది. గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులపై జరిగి 2017లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గింది, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. పొగాకు పండే, చుట్టా బీడీ కాల్చే ప్రకాశం జిల్లాకు అది ఆశ పుట్టించే వార్తే. కాని అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి చికిత్సగా ఇచ్చి చూసిన తరువాతి పరీక్షల్లో అది నెగ్గలేదు.

నా అంచనా ఇది. ముదిరినవి క్యాన్సర్ కణాలే అయితే నోరు కట్టడం చాలదు. కీమోతో నిద్రపుచ్చిన లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కణాలు ఆ కట్టడి తెంచుకుంటే మునుపటికన్నా మొండిగా పెరగగలవని 2018లో ప్రయోగాల్లో బయటపడింది కనుక, వాటిని చంపడమే మేలు. ముదిరినవి మామూలు కణాలైతే, అందులోనూ రోగి వయసు మళ్లినవారైతే, కొంతకాలం అణచి చూడడం తక్కువ ప్రమాదం. ఏ కణాలు ఎక్కడెంత ఉన్నాయో మామూలు రక్తపరీక్ష చెప్పదు. అందుకే ఈ రెండు దారులూ ఇప్పటికి ఆస్పత్రుల్లోని క్లినికల్ పరీక్షలకే చెందుతాయి.

చెన్నైలోనో వేలూరులోనో చికిత్స ముగించుకొని ఇల్లు చేరినవారు నీరసం పోవడానికి క్వెర్సెటిన్ బిళ్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని వాడడం మంచిది కాదు. అది ఇతర మందుల పనితీరులో జోక్యం చేసుకోగలదు. కీమో అనంతర నీరసానికి క్రమం తప్పని నడక ఉపకరిస్తుందన్నది మాత్రం బాగా రుజువైన సంగతి. షుగరుకు ఇప్పటికే మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నవారు ఇదంతా చదివి మోతాదు పెంచుకోనక్కరలేదు, డాక్టరు చెప్పకుండా ఆపనూ వద్దు.