ఏడేళ్లుగా చెరువు గట్టు మీద వింటున్న ఆల్బం: పవర్ ట్రిప్ ‘నైట్‌మేర్ లాజిక్’

పవర్ ట్రిప్ అనే మెటల్ బ్యాండ్ వాళ్ల ‘నైట్‌మేర్ లాజిక్’ 2017 ఫిబ్రవరిలో వచ్చింది. నా చెవిన పడింది మాత్రం 2018 వేసవిలో. అప్పుడే కోనసీమలో అల్లవరం వైపు రెండు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. రొయ్యల సాగు చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి దాటాక నిద్ర ఉండదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, ఆలస్యమైతే పంటంతా పోతుంది. ఆ కాపలా రాత్రుల్లో ఈ ఆల్బం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఎనిమిది పాటలు, మొత్తం కలిపి 33 నిమిషాల లోపే. గట్టు చుట్టూ ఒక రౌండు వేసి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలియడానికి నీళ్లలో పెట్టే చెక్ ట్రేలు ఎత్తి చూసుకుని షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. ఇంతేనా అనిపించింది మొదట్లో. ఇప్పుడు అదే దీని బలం అంటాను. గంటకు పైగా సాగే మెటల్ ఆల్బంలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో సగం పాటలు దాటేస్తాను. ఇక్కడ ఒక రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస, చెవికి పట్టి, ఇంకాసేపు ఉంటే బావుండు అనిపించే లోపే ఇంకోటి వచ్చేస్తుంది.

వీళ్లది అమెరికాలోని డల్లాస్. 1980లలో స్లేయర్, ఎక్సోడస్ బ్యాండ్లు నేర్పిన థ్రాష్ (మెటల్‌లో వేగంగా సాగే రకం) గిటారు, క్రో-మాగ్స్ లాంటి న్యూయార్క్ హార్డ్‌కోర్ పంక్ వాళ్ల మొరటుతనం రెండూ కలిసి ఉంటాయి. పాత థ్రాష్‌ని మక్కీకి మక్కీ దించే బ్యాండ్లు ఈ కాలంలో బోలెడు. వాళ్ల ధ్యాసంతా వేగం మీదే. పవర్ ట్రిప్‌కి ఎక్కడ ఆగాలో తెలుసు. కుడి అరచేతి అంచుని తీగల మొదట్లో ఆనించి పిక్‌తో కిందికి కొడితే మోత సాగకుండా అక్కడికక్కడే తెగిపోతుంది చూడండి, ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వీళ్ల దగ్గర ఎంతో శుభ్రంగా ఉంటుంది. ‘ఫైరింగ్ స్క్వాడ్’ అంత పరుగులోనూ ఏ దెబ్బా పక్కదానిలో కలిసిపోదు.

రెండో పాట ‘ఎగ్జిక్యూషనర్స్ టాక్స్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది పరుగెత్తదు, అడుగులేస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు) కౌశిక కాలువ దాటడం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. నడుం లోతు నీళ్లలో భుజాల మీద అంత బరువు, అడుగు తడబడకుండా అందరి గొంతూ ఒక్కటై ‘శరభ శరభ’ అంటుంది. ఈ పాట పల్లవిలో గొడ్డలి వేటు మాట అందరూ కలిసి అరిచేటప్పుడు నాకు ఒంట్లో కదిలేది సరిగ్గా అదే. మా చెరువు కాపలా పెద్దాయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదట్లో “ఏంటండీ బాబూ ఈ గోల” అనేవాడు. రెండో పంటకి వచ్చేసరికి “ఆ దరువు పాట ఎట్టండి” అని ఆయనే అడిగాడు.

లోపాలూ చెబుతాను. ఆల్బం ప్రొడ్యూసర్ ఆర్థర్ రిజ్క్ ఇచ్చిన సౌండ్ నాకు ప్రాణం, కానీ గొంతు మీద ప్రతిధ్వని బాగా ఎక్కువైంది. సాహిత్యం చదువుకుంటే తప్ప మాటలు తెలియవు, చదివితే మాత్రం కోపం ఎవరి మీదో సూటిగా తెలుస్తుంది. బేస్ గిటారు విడిగా వినపడాలంటే మంచి హెడ్‌ఫోన్ కావాలి. ఫోన్ స్పీకర్లో వినకండి, అంతా ముద్దైపోతుంది. ‘రూయినేషన్’ మిగతా వాటంత గుర్తుండదు. ‘వెయిటింగ్ ఎరౌండ్ టు డై’ మాత్రం నాకు నచ్చడానికి ఏడాది పట్టింది, ఇప్పుడు ముందు అదే పెడుతున్నాను.

గాయకుడు రైలీ గేల్ 2020 ఆగస్టు 24న పోయాడు. 34 ఏళ్లు. ఆ వార్త చదివిన రాత్రి కూడా గట్టు మీదే ఉన్నాను. ‘ఇఫ్ నాట్ అస్ దెన్ హూ’ దగ్గరికి వచ్చేసరికి ఇయర్‌ఫోన్ తీసేశాను, ఆ గొంతు వినలేకపోయాను. ఆ తర్వాత ఎగ్జిక్యూషనర్స్ టాక్స్ లైవ్ రికార్డింగ్‌కి గ్రామీ నామినేషన్ వచ్చింది. 2023 డిసెంబర్‌లో సెత్ గిల్‌మోర్ గొంతుతో బ్యాండ్ మళ్లీ స్టేజి ఎక్కింది. వాళ్లు ఆగిపోకపోవడం నాకు నిజంగా సంతోషం.

ఈ సీజన్‌లో ఫోన్ మార్చాను. కొత్తదాంట్లో మొదట ఎక్కించిన ఆల్బం ఇదే.