గుట్ట బాటకు పెట్రోల్ బండా, కరెంటు బండా?

కరెంటు బండి ఎక్కిన పది నిమిషాలకే పడ్డాను. దామలచెరువు దగ్గర మా బావ మామిడి తోట ఉంది. దాని వెనక గుట్ట మీదికి మేకలు తొక్కి తొక్కి పడిన సన్నటి దారి. సగం ఎక్కాక ముందు చక్రం బండకు తగిలి బండి ఊగింది. అలాంటప్పుడు ఇరవై ఏళ్ళుగా ఏం చేస్తోందో నా ఎడమ చెయ్యి అదే చేసింది, క్లచ్ పట్టేసింది. ఈ బండికి క్లచ్ లేదు, అక్కడున్నది వెనక బ్రేకు. చక్రం బిగుసుకుపోయింది, బండి గులకరాళ్ళ మీద పక్కకు జారింది, నా మోచెయ్యి గీసుకుపోయింది.

ఆ బండి బెంగళూరు నుంచి మా మేనల్లుడు టాటా ఏస్‌లో వేసుకొచ్చిన కరెంటు డర్ట్ బైకు, అంటే మట్టి దారుల్లో, గుట్టల్లో నడిపే బండి. "రెండు దినాలు నడిపి చెప్పు మామా" అని వదిలాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదే దారిలో దాన్నీ నా 200 సీసీ పెట్రోల్ బండినీ మార్చి మార్చి నడిపాను.

ముందు ఎక్కుడు సంగతి. పెట్రోల్ బండితో గుట్ట ఎక్కడమంటే హాఫ్ క్లచ్ విద్యే, క్లచ్‌ను సగమే వదిలి నడపడం. ఇంజిన్ తిరిగే వేగం తగ్గితే లాగుడు పోతుంది, పెంచితే వెనక చక్రం మట్టి తవ్వుతుంది. ఆ రెంటి మధ్య సన్నటి గీతను రెండు వేళ్ళతో పట్టుకుని ఉండాలి. తప్పితే వాలు మీద బండి ఆగిపోతుంది, వెనక్కి జారుతుంది. కరెంటు మోటారుకు ఆ బాధ లేదు. చక్రం తిరగకముందే పూర్తి పికప్ చేతిలో ఉంటుంది. బండ ముందు నిలబడిపోయి, ఊపిరి తీసుకుని, యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి తిప్పితే చాలు, మెల్లగా ఎక్కేస్తుంది. ఐదేళ్ళుగా నన్ను ఓడిస్తున్న ఒక మెట్టు బండను రెండో రోజు పొద్దున మూడు సార్లు వరసగా ఎక్కాను. ఇందులో కరెంటు బండిదే గెలుపు, నాకు రెండో మాట లేదు.

దిగుడులో మాత్రం నా ఓటు పెట్రోల్‌కే. ఫస్ట్ గేర్లో వేసి వదిలితే ఇంజినే పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం పడదు. కరెంటు బండిలోనూ మోటారు వేగాన్ని పట్టి బ్యాటరీకి కరెంటు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. కానీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ కరెంటుకు చోటుండదు కాబట్టి ఆ పట్టు దాదాపు దొరకదు. ఛార్జింగ్ నింపుకుని గుట్ట పైనుంచి దిగడం మొదలుపెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

బరువు చూస్తే, సర్-రాన్ లైట్ బీ లాంటి చిన్న కరెంటు బండ్లు 50 కిలోల పైచిలుకు. మన సత్యవేడు దగ్గరా ఫ్యాక్టరీ ఉన్న హీరో వాళ్ళ పెట్రోల్ బండి ఎక్స్‌పల్స్ 200 తీసుకుంటే 160 కిలోలకు అటూ ఇటూ. వంకలో పడ్డ బండిని ఒక్కడే లేపాల్సి వచ్చినప్పుడు ఆ తేడా నడుముకు తెలుస్తుంది. కరెంటు బండి అంటే బలం తక్కువని మాత్రం అనుకోవద్దు. 2021లో ప్రకటించిన స్టార్క్ వార్గ్ అనే మోటోక్రాస్ (మట్టి ట్రాకు పోటీల) కరెంటు బండి 80 గుర్రాల బలం ఇస్తుంది, పోటీల్లో తిరిగే 450 సీసీ పెట్రోల్ బండ్లకన్నా ఎక్కువ.

అసలు చిక్కు దూరం. లీటరు పెట్రోల్లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజిన్ అందులో ముప్పావు వంతు వేడిగా పోగొట్టి పావు వంతే చక్రానికి ఇస్తుంది. మోటారు నూటికి 85 పైనే ఇస్తుంది. ఈ లెక్కన 4 యూనిట్ల బ్యాటరీ లీటరున్నర పెట్రోల్‌కు సమానం. ఎక్స్‌పల్స్ ట్యాంకు 13 లీటర్లు. తోట చుట్టూ గంటన్నర తిరగడానికి బ్యాటరీ చాలు. భాకరాపేట మీదుగా దూరాలు పోయి చీకటిపడే వేళకు ఇల్లు చేరాలంటే చాలదు. పెట్రోల్‌ను సీసాలో తెచ్చి ఆదుకునేవాడు దొరుకుతాడు, కరెంటును తెచ్చేవాడు ఉండడు. తోటలో బోరు మోటారుకు వచ్చే కరెంటు ఉంది కదా అంటారు, అది సేద్యానికి ఇచ్చింది, బండికి వాడకూడదు. ఛార్జింగ్ ఇంటికొచ్చే పెట్టుకోవాలి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బ్యాటరీ, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కితే బండి తనంతట తానే బలం తగ్గించుకుంటుంది కూడా.

సర్వీసు గురించి పెద్దగా చెప్పేది లేదు. కరెంటు బండికి ఇంజిన్ ఆయిలు, ప్లగ్గు, ఎర్ర దుమ్ము పట్టే ఫిల్టరు లేవు. చెయిను, బ్రేకులు, తుమ్మ ముళ్ళ పంచర్లు రెంటికీ ఒకటే.

నన్ను ఎక్కువగా కదిలించింది చప్పుడు లేకపోవడం. గట్టు దిగి వస్తుంటే కాపలా తాత ఎదురొచ్చి, "ఏం నాయనా, పెట్రోలు అయిపోయిందా, దొర్లించుకోని వస్తా ఉండావు?" అన్నాడు. టైర్ల కింద రాయి నలిగే చప్పుడు, తోతాపురి చెట్ల మీద చిలకల గోల, అన్నీ వినబడ్డాయి. నా పెట్రోల్ బండితో ఇన్నేళ్ళు తిరిగినా ఆ తోటలో చిలకలున్నాయని నాకు తెలియదు. మేకలు బెదరలేదు. కానీ మలుపులో మేకల పిల్లవాడు కూడా నా రాక వినలేదు, ఆఖరి క్షణంలో ఆగాను. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తోటల్లోకి దిగే ఊళ్ళలో చప్పుడు లేని బండి మీద మలుపు తిరగడం ప్రాణాపాయం. చప్పుడు లేదు కదా అని శేషాచలం అడవిలోకి దూరాలని చూసేవాళ్ళకు నా దండం. అది జాతీయ పార్కు, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. అక్కడ ఏ బండీ వద్దు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు, ఇంటి చుట్టుపక్కలే తిరిగేవాళ్ళకు కరెంటు బండే మేలంటాను. ఒకే బండి కొనగలిగి, దానితోనే తిరుపతికీ పోవాలి, గుట్టా ఎక్కాలి అనుకునేవాళ్ళకు ఇప్పటికి పెట్రోలే. నా పాత బండిని అమ్మను. రెండో బండి కొంటే మాత్రం కరెంటుదే, అదీ రిజిస్ట్రేషన్ అయ్యే మోడల్. మా ఇంటి నుంచి తోటకు పోవాలంటే మధ్యలో రెండు కిలోమీటర్లు తారు రోడ్డు ఉంది, ప్రతిసారీ టాటా ఏస్ పిలిపించలేను.