శశి అడిగాడా, అడిగిందా? ఎంపికల కథల్లో క్వీర్ ప్రేమకు ఏ పద్ధతి మేలు

చదివేవాళ్లే దారి ఎంచుకుంటూ నడిపించే కథల్లో ప్రేమను, ముఖ్యంగా క్వీర్ ప్రేమను, అంటే స్త్రీ పురుషుల జంట అనే మూసలో ఇమడని ప్రేమను రాయాలనుకున్నవాళ్లకు మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది. అవతల కూర్చున్నది స్త్రీయో, పురుషుడో, ఈ రెండు మాటల్లోనూ ఇమడని మనిషో మనకు తెలియదు. వాళ్ల మనసు ఎవరి వైపు వెళుతుందో కూడా తెలియదు. అలాంటప్పుడు కథలోని మనుషులను ఎలా మలచాలి? ఎవరు వచ్చినా ప్రేమించగలిగేలా అందరినీ తెరిచి ఉంచడం ఒక పద్ధతి. ప్రతి పాత్రకూ తనదైన మనసు ముందే ఇచ్చి, కొందరికి ఒప్పుకునేలా, కొందరిని కాదనేలా రాయడం రెండోది. అసలు ప్రధాన పాత్ర ఎవరో, ఎవరిని ప్రేమిస్తుందో రచయితే ఖాయం చేసి, మిగతా మలుపులు మాత్రమే చదివేవాళ్లకు వదిలేయడం మూడోది.

ఎంపికల కథలు అల్లడానికి వాడే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేను తెలుగు కథ ఒకటి రాస్తున్నాను. మొదటి పద్ధతితో మొదలుపెట్టి రెండోదానికి వచ్చాను. ఎందుకు వచ్చానో చెబుతాను.

మొదటి పద్ధతిలోని మంచిని తక్కువ చేయకూడదు. ఇలా ఎంపికలతో కథ నడిపే వీడియో ఆటల్లో ప్రేమ అంటే చాలాకాలం హీరోకు హీరోయిన్ దొరకడమే. 2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2 అనే ఆటలో నలుగురు సహచరులు, అంటే ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు, ఆడేవాళ్ల పాత్ర హాక్ స్త్రీ అయినా పురుషుడైనా ప్రేమకు సిద్ధంగా ఉంటారు. ‘నీకు ఇక్కడ చోటు లేదు’ అన్న మాట ఎవరికీ వినపడదు. ఇంట్లో, బడిలో ఆ మాట వింటూనే పెరిగినవాళ్లకు అది ఎంత ఊరటో నాకు తెలుసు.

కానీ అదే ఆటలో ఆండర్స్ అనే పాత్రను చూడండి. అతనికి కార్ల్ అనే పాత స్నేహితుడు ఉంటాడు. హాక్ పురుషుడైతే, కార్ల్ తన ప్రేమికుడని ఆండర్స్ చెబుతాడు. హాక్ స్త్రీ అయితే ఆ సంగతే ఎత్తడు. ఎవరి దగ్గర ఎంత చెప్పాలో తూచి చెప్పడం క్వీర్ మనుషులకు అలవాటే కదా అని దీన్ని సమర్థించవచ్చు. అయితే ఆ దాపరికం కథలో ఎక్కడా బయటపడదు, ఎవరినీ బాధించదు. స్త్రీగా ఆడినవాళ్లకు కార్ల్ ఎప్పటికీ ఉత్త స్నేహితుడే. ఒక మనిషి గతం ఎదుటివాళ్లను బట్టి ఉండటమూ లేకపోవటమూ నాకు మింగుడుపడలేదు.

మూడేళ్ల తర్వాత, 2014లో, ఆ వరుసలో తర్వాతి ఆట డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ రెండో పద్ధతిలో వచ్చింది. అందులో డోరియన్ పురుషులనే ప్రేమిస్తాడు. మీరు స్త్రీగా ఆడుతూ అతనితో ఎంత సరసమాడినా ఒప్పుకోడు. అతని తండ్రి రక్తమంత్రంతో కొడుకు మనసునే మార్చేయాలని చూశాడు. డోరియన్ ఇల్లు వదిలిన కారణం అదే. ఇప్పుడు ఈ డోరియన్‌ను స్త్రీగా ఆడేవాళ్లకు కూడా అందుబాటులో పెట్టి ఉంటే ఆ తండ్రీకొడుకుల గొడవకు అర్థం ఏం మిగులుతుంది? అతను కాదనగలడు కాబట్టే అతని అవునుకు విలువ.

ఈ రెండో పద్ధతికీ ఒక లోటు ఉంది, అది లెక్కలో బయటపడుతుంది. ఇన్‌క్విజిషన్‌లో ప్రేమించదగ్గవాళ్లు ఎనిమిది మంది. స్త్రీగా ఆడుతూ పురుషుణ్ని ప్రేమించాలనుకుంటే, ఎంచుకున్న జాతిని (మనిషి, ఎల్ఫ్ వంటివి) బట్టి, నలుగురి దాకా దొరుకుతారు. పురుషుడిగా ఆడుతూ పురుషుణ్ని కోరుకుంటే ఇద్దరే, డోరియన్, ఐరన్ బుల్. స్త్రీగా స్త్రీని కోరుకున్నా ఇద్దరే, సేరా, జోసఫీన్. ఆ ఇద్దరిలో ఎవరూ నచ్చకపోతే అంతే సంగతులు. రెండో పద్ధతి ఎంచుకున్న రచయిత ఈ లెక్క వేసుకోకుండా మొదటి పేజీ కూడా రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో ఇలాంటి కథ రాసేవాళ్లు పాత్ర లింగాన్ని ఒక వేరియబుల్‌లో, అంటే విలువ మార్చుకోగల గూట్లో పెట్టి, సర్వనామాలు మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. మనకు అలా కుదరదు. నా కథలో శశి అనే పాత్ర ఉంది. పేరు అబ్బాయికైనా అమ్మాయికైనా సరిపోతుందని కావాలనే పెట్టాను. కానీ శశి నోరు తెరిచిన మరుక్షణం క్రియ గుట్టు విప్పేస్తుంది. అడిగాడు, అడిగింది. అన్నాడు, అంది. రాడు, రాదు. చాలాచోట్ల చివరి అక్షరం ఒక్కటి మారిస్తే సరిపోదు, మాట నడకే మారిపోతుంది. శశిగారు అడిగారు అంటే బయటపడవచ్చు, కానీ చిన్ననాటి నేస్తాన్ని గారు అని పిలిచే ఇల్లు ఎక్కడుంది?

అదే సమయంలో తెలుగు మనకు ఒక వరం ఇచ్చింది. నా కథలో చదివేవాళ్లను ‘నువ్వు’ అనే పిలుస్తాను. నువ్వు వచ్చావు, నువ్వు నవ్వావు, నీకు గుండె దడదడలాడింది. ఈ వాక్యాల్లో నువ్వు ఎవరో ఎక్కడా తేలదు. హిందీలో అయితే క్రియే పట్టిచ్చేస్తుంది. మంచివాడివి, మంచిదానివి లాంటి మాటలు తప్పించి ‘నీది మంచి మనసు’ అంటే చాలు. అమ్మ చేత ఒరేయ్ అనో ఏమే అనో పిలిపించకుండా కన్నా అనిపిస్తే చాలు. ఆడేవాళ్లను తెరిచి ఉంచడానికి మన భాష పుట్టుకతోనే సిద్ధంగా ఉంది. ఎదుటి పాత్రను మాత్రం ఒక మనిషిగా నిలబెట్టమంటుంది. స్త్రీ, పురుషుడు అన్న రెంటిలో ఇమడని పాత్రకైతే ‘తను వచ్చారు’ అని రాయవచ్చు. ఆ వచ్చారులో మన్ననకు ఉండే దూరం వినపడుతుంది కాబట్టి, కథ మొదటి వాక్యం నుంచీ స్నేహితులందరి నోటా అదే వాడితే చెవికి అలవాటవుతుంది.

వ్యాకరణం ఒక ఎత్తు, ఇల్లు ఒక ఎత్తు. నన్ను మొదటి పద్ధతి నుంచి పూర్తిగా మళ్లించింది ఒక చిన్న సన్నివేశం. వేసవి రాత్రి, కరెంటు పోయింది. శశి చాప చంకన పెట్టుకుని డాబా మీదికి రావాలి, మీరిద్దరూ పక్కపక్కన పడుకుని మాట్లాడుకోవాలి. శశి అబ్బాయి, నువ్వు అమ్మాయి అనుకుందాం. ఆ చాప మెట్లెక్కకముందే అమ్మమ్మ దగ్గుతుంది, నాన్న టార్చిలైటు పట్టుకుని పైకి వస్తాడు. ఇద్దరూ అమ్మాయిలైతే? అమ్మే ఇంకో దుప్పటి తెచ్చి కప్పి, ‘తెల్లారుజామున మంచు పడుతుంది, జాగ్రత్త’ అని దిగిపోతుంది. ఆ దుప్పటి కింద శశి నీ వేళ్లు పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆ అమాయకత్వమే మీకు రక్ష. శశికి సంబంధం వచ్చిన రోజున అదే మీ గొంతు నొక్కుతుంది, ఎందుకంటే ఎవరూ చూడని దాన్ని ఎవరి దగ్గర చెప్పుకుని ఏడుస్తారు?

ఈ రెండు రాత్రులనూ ఒకే పేరాలో, ఒక వేరియబుల్ పెట్టి రాయలేను. పేర్లు మార్చితే కథ మారకుండా ఉంటుందా అన్న ప్రశ్నకు 1989 నాటి ఉదాహరణ ఒకటి ఉంది. సి. ఎం. రాల్ఫ్ యాపిల్ కంప్యూటర్ల హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన కేపర్ ఇన్ ద క్యాస్ట్రో తొలి క్వీర్ ఆటల్లో ఒకటి. లెస్బియన్ డిటెక్టివ్ ట్రాకర్ మెక్‌డైక్ తప్పిపోయిన తన డ్రాగ్ క్వీన్ (ఆడవేషంలో ప్రదర్శనలిచ్చే కళాకారిణి) స్నేహితురాలి కోసం వెతుకుతుంది. ఆడినవాళ్లు డబ్బుకు బదులు ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే సంస్థలకు విరాళం ఇవ్వాలని రాల్ఫ్ కోరింది. తర్వాత అదే ఆటలోని మనుషులను మార్చి, మర్డర్ ఆన్ మెయిన్ స్ట్రీట్ పేరుతో మామూలు మార్కెట్‌లో అమ్మింది. చిక్కుముడి విప్పే కథ కాబట్టి అది మార్పును తట్టుకుంది. ప్రేమకథకు ఆ ఓపిక ఉండదు, డాబా మీది చాప ఎవరిదన్నదే అక్కడ కథ.

మూడో పద్ధతిలో గొప్ప పనులు జరిగాయి. 2017 నాటి బటర్‌ఫ్లై సూప్ అనే ఆటలో భారతీయ మూలాలున్న దియా, కొరియన్ మూలాలున్న మిన్ కాలిఫోర్నియాలో బేస్‌బాల్ ఆడుతూ ప్రేమలో పడతారు. ఎంపికలు కొద్దిగానే ఉంటాయి, ఆ పిల్లలు మాత్రం నిండుగా ఉంటారు. 2013లో ఆనా ఆంత్రోపీ ట్వైన్‌లో చేసిన క్వీర్స్ ఇన్ లవ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్ ఇంకో కొస. లోకం అంతమయ్యే ముందు ప్రియురాలితో మీకు పది సెకన్లు, అంతే. ఏ మాట నొక్కాలో తేల్చుకునేలోపు అయిపోతుంది. చిన్న కథకు ఇంతకన్నా మంచి దారి లేదు. గంటల తరబడి సాగే కథలో మాత్రం చదివేవాళ్లు తమను తాము తెచ్చుకోవాలని కోరుకుంటారు, నాకూ వాళ్లు రావాలనే ఉంది.

అందుకే నా కథలో నువ్వు ఎవరైనా కావచ్చు. శశి మాత్రం ఇప్పుడు అమ్మాయి, అమ్మాయిలనే ప్రేమిస్తుంది. లెక్క సరిచూసుకుని, నువ్వు ఎవరివైనా, ఎవరిని కోరినా కనీసం ఇద్దరు దొరికేలా మిగతా పాత్రలను సర్దాను. పురుషుడిగా ఆడేవాళ్లు మనసు విప్పితే శశి చెప్పే మాట మీద చాలా రోజులు పనిచేశాను. ‘నువ్వంటే నాకు చాలా ఇష్టం. కానీ నువ్వు అడుగుతున్న ఇష్టం నాకు మగవాళ్ల మీద ఎప్పుడూ కలగలేదు. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు.’ ఆ దారి అక్కడితో మూసుకుపోదు. రెండు వారాల తర్వాత భోజనాల దగ్గర మీ అమ్మ అడుగుతుంది, ‘మన శశికి ఏదైనా సంబంధం చూడమంటావా?’ ఆ ప్రశ్న కింద మూడు ఎంపికలు ఉన్నాయి. ఏమీ అనకుండా అన్నం కలుపుకోవడం. తనకు ఇప్పుడే పెళ్లి వద్దట అని చెప్పడం. నిజం చెప్పేయడం.

మూడోది నొక్కితే శశి మళ్లీ ఆ డాబా మీదికి రాదు.