బీఎంఈ అడిగితే బీఎంపీ అంటగట్టారు: కోఠీలో సెన్సార్లు కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే కోఠీ నుంచి వచ్చాను. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కినప్పుడు, కూకట్‌పల్లిలో దిగేసరికి కోపం తగ్గుతుందిలే అనుకున్నా. తగ్గలేదు. బ్యాగు కూడా పక్కన పెట్టకుండా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

షాపు పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, మాట మాటకీ ‘ఒరిజినల్ మాలు’ అనే పెద్దాయన అంటే మీలో సగం మందికి అర్థమైపోతుంది. నేనూ ఆయన దగ్గర నాలుగేళ్ళుగా రెసిస్టర్లు, రిలేలు, జంపర్ వైర్లు కొంటూనే ఉన్నా. ఆ నమ్మకమే కొంప ముంచింది.

సంగతేమిటంటే, ఊళ్ళో మా బావ నాటుకోళ్ళు పెంచుతాడు. గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ చేసిస్తానని దసరాకి మాటిచ్చా. తనకొకటి, తన ఫ్రెండ్స్ ఇద్దరికి రెండు, మొత్తం మూడు పెట్టెలు. కంట్రోల్ చేయడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఒక్కో పెట్టెలో పైన ఒకటి, కింద ఒకటి బీఎంఈ280 సెన్సార్లు. డీహెచ్‌టీ22 అనే ఇంకో రకం తేమ సెన్సార్ పెట్టినా పని నడిచేది, కానీ చేస్తే మంచిదే చేయాలని నాకో పిచ్చి. కోడిగుడ్డుకి వేడి ఒక్కటే చాలదు. 37.5 డిగ్రీలు నిలబెట్టడం పెద్ద కష్టం కాదు, అసలు తంటా తేమతోనే. 21 రోజుల్లో చివరి మూడు రోజులు తేమ బాగా పెంచాలి, లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకి అంటుకుపోతుంది, పెంకు పగిలినా బయటికి రాలేదు. అందుకే తేమ కొలిచే సెన్సారే కావాలని పట్టుబట్టా.

ఈ బీఎంఈ280, బీఎంపీ280 రెండూ బాష్ చిప్‌లే. బీఎంపీ వేడిని, గాలి పీడనాన్ని చెబుతుంది. బీఎంఈ వాటితోపాటు తేమ కూడా చెబుతుంది. ఒక్క అక్షరం తేడా. ఆ షాపులో ధర మాత్రం బీఎంపీ 70 రూపాయలు, బీఎంఈ 380.

‘బీఎంఈయే కదా పెద్దాయనా’ అని మూడుసార్లు అడిగా. ‘ఏంది తమ్మీ, నీకు తప్పుడు మాలు ఇస్తనా, ఒరిజినల్ మాలు’ అన్నాడు. ఆరింటికి 2,280 అవుతుంది, ‘నీ కోసం 2,200 ఇయ్యి’ అన్నాడు. 80 రూపాయలు మిగిలాయన్న సంతోషంలో ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు లాగించా. నా తెలివికి నేనే ఇచ్చుకున్న పార్టీ అది.

ఇంటికొచ్చి పిన్నులు సోల్డర్ చేసి కలిపితే సెన్సార్ దొరకలేదని ఎర్రర్. వైరింగ్ తప్పేమో అనుకున్నా. వైర్లు మార్చా. కోడ్‌లో సెన్సార్ అడ్రస్ 76 బదులు 77 పెట్టి చూశా. పుల్-అప్ రెసిస్టర్లు వేశా. రాత్రి ఒంటిగంటకి ఈఎస్‌పీ32నే అనుమానించి కొత్త బోర్డు తీశా. ఇలా మూడు రాత్రులు. నాలుగో రోజు ఇంకో లైబ్రరీ (సెన్సార్‌ని చదివే రెడీమేడ్ కోడ్) పెట్టి చూస్తే వేడి వచ్చింది, పీడనం 950 హెక్టోపాస్కల్స్ దగ్గర వచ్చింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి ఆ లెక్క సరిగ్గానే ఉంది. తేమ మాత్రం సున్నా. బయట వాన పడుతోంది, కిటికీ తీసే ఉంది, తేమ సున్నా!

అప్పుడు మొదటి లైబ్రరీకి తిరిగెళ్ళి బోర్డు పంపే మెసేజ్‌లు కనిపించే సీరియల్ మానిటర్‌లో వచ్చింది మొత్తం చదివా. సిగ్గుతో చెబుతున్నా, మొదటి రాత్రి నుంచీ అది అక్కడే ఉంది. ఎర్రర్ లైన్ కింద సెన్సార్ ఐడీ వేసి, ఆ ఐడీ వస్తే ఏ చిప్‌ అనేది కూడా రాసి మరీ చెబుతోంది. హెక్స్‌లో 60 వస్తే బీఎంఈ, 58 వస్తే బీఎంపీ. నాకు వచ్చింది 58. ఆరింటికి ఆరూ 58. ఆఫీసులో జూనియర్లకి ‘లాగ్ చివరిదాకా చదవండ్రా’ అని రోజూ క్లాసు పీకేది నేనే.

ఈలోగా బావ వచ్చాడు. వారం రోజులుగా ఏరి దాచిన ముప్పై గుడ్లు, ఇంకా ఆలస్యమైతే పొదగడానికి పనికిరావు. పెట్టె రెడీ కాలేదు. అక్క వాటిని పులుసు పెట్టేసింది. ‘నీ మిషన్ కంటే మా కోడిపెట్టే నయం బామ్మర్దీ, దానికి ఛార్జర్ కూడా అక్కర్లేదు’ అని బావ తింటూ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. పులుసు మాత్రం బాగుంది.

సరే, ఈ రోజు లీవు పెట్టి ల్యాప్‌టాప్, బోర్డు, ఆరు సెన్సార్లు పట్టుకుని షాపుకి వెళ్ళా. గొడవకి కాదు, మార్చమని అడగడానికే. పొరపాటున వేరే డబ్బాలోది ఇచ్చాడేమో అనే అనుకున్నా, నిజంగా.

కొన్నప్పుడు ‘తమ్మీ’ని, ఇప్పుడు ‘సార్’ అయిపోయా. ‘సోల్డర్ చేసినవి వాపస్ తీసుకోం సార్.’ పిన్నులు విడిగా ఇస్తారు, సోల్డర్ చేయకుండా టెస్ట్ చేయలేం, టెస్ట్ చేస్తే వాపస్ లేదు! సరేనని కౌంటర్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి 58 చూపించా. ‘యూట్యూబ్ చూసొచ్చి మాకు చెప్తున్రా సార్, ఇరవై ఏండ్ల దుకాణం’ అన్నాడు. చిప్ తయారీదారు డేటాషీట్ చూపించా. అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, బోర్డు తిప్పి చూసి, ఎంత తీరిగ్గా అన్నాడో: ‘బోర్డు మీద రెండు పేర్లూ ఉన్నయ్ కద సార్. చదువుకున్నోళ్ళు, మీరే చూస్కోవాలె.’

నిజమే, రెండు పేర్లూ ఉన్నాయి. ఆ రెండు చిప్‌లకీ ఒకే రకం బోర్డు వాడతారు కాబట్టి. అంటే ఏది ఏదో ఆయనకి బాగా తెలుసన్నమాట. మూడు నిమిషాల ముందు దాకా ‘ఇది బీఎంఈయే’ అని ఒట్టేసిన మనిషి!

అంతటితో ఆగినా ఇంత మండేది కాదు. నేను చూస్తుండగానే చేతిలో ఉన్న నా సెన్సార్‌ని ఉఫ్‌మని ఊది వెనక డ్రాయర్‌లో పడేశాడు. ఇంతలో కాలేజీ బ్యాగుతో ఒక అబ్బాయి వచ్చాడు. ‘అన్నా, బీఎంఈ280 ఉందా?’ పెద్దాయన కళ్ళు కూడా ఆర్పకుండా అదే డ్రాయర్‌లోంచి ఇంకొకటి తీసి ‘380. ఒరిజినల్ మాలు’ అన్నాడు. నా ముందే! నా ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఇంకా 58 కనిపిస్తూనే ఉంది!

నేను ఉండబట్టలేక ‘తమ్ముడూ, అది బీఎంపీ, చిప్ ఆకారం చూడు, బీఎంఈ అయితే చతురస్రంగా ఉండాలి’ అన్నా. పెద్దాయన లేచాడు. ‘నా గిరాకీ చెడగొట్టకు, బయటికి నడువ్’ అని నా ల్యాప్‌టాప్ మూత తనే ధడాలున మూసేశాడు. ఆ అబ్బాయి పాపం ఫోన్ కెమెరా జూమ్ చేసి చూసి, ‘పొడుగ్గానే ఉంది కదన్నా’ అన్నాడు. ‘నీ కెమెరా వంకర’ అని జవాబు. అబ్బాయి దాన్ని కౌంటర్ మీద పెట్టి నా వెనకే మెట్లు దిగి వచ్చేశాడు. రేపు ప్రాజెక్ట్ రివ్యూ ఉందట. సందు చివర ఇంకో షాపులో డీహెచ్‌టీ22 కొనిపించి పంపా. ఈ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

1915 కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెబుదామని అనుకున్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వాపస్ తీసుకోకపోవడం రెండూ తప్పే. కానీ నా దగ్గరున్న ‘బిల్లు’ ఏమిటో తెలుసా? అగ్గిపెట్టె అంత కాగితం మీద ‘సెన్సార్ 6 – 2200’. షాపు పేరు లేదు, తేదీ లేదు. 80 రూపాయల తగ్గింపు మోజులో నేనే సరైన బిల్లు అడగలేదు. ఫోన్ ఎలాగూ చేస్తా, కాకపోతే ఏం చూపించాలో తెలియట్లేదు.

కొనేవాళ్ళకి ఒక మాట. సెన్సార్ బోర్డు మీదుండే ఆ చిన్న వెండి రంగు డబ్బాని (అదే చిప్) ఫోన్‌తో జూమ్ చేసి చూడండి. బీఎంఈ చతురస్రం, రెండు వైపులా 2.5 మిల్లీమీటర్లు. బీఎంపీ కొంచెం పొడుగు, ఒక వైపు 2 మాత్రమే. కౌంటర్ మీద ఉండగానే చూడండి, ఇంటికెళ్ళాక కాదు. బిల్లు మీద ‘సెన్సార్’ అని కాకుండా పూర్తి పేరు రాయించండి. రాయనంటే కొనకండి, అంతే.

బావకి మళ్ళీ గుడ్లు సమకూరేలోగా అసలైన బీఎంఈలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకా నా దగ్గర సోల్డర్ చేసిన బీఎంపీలు ఐదున్నాయి, ఆరోది ఆ డ్రాయర్‌లో ఎవరికోసమో ఎదురుచూస్తోంది. పీడనం కొలిచే పని ఎవరికైనా ఉంటే ఒక్కోటి 70కే ఇస్తా. బీఎంపీ అని చెప్పే ఇస్తా.