ఫిట్ మల పరీక్ష కిట్: తిరుపతి ఎండల్లో, మన ఇళ్లలో ఎంతవరకు పనికొస్తుంది?

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి ఇంట్లోనే నమూనా తీసి ఇచ్చే పరీక్షల్లో, మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ కిట్ మేలైనది. కొనదగ్గదే. కాకపోతే ల్యాబువాళ్లు ఏ కిట్ ఇచ్చారు, నమూనా ఎలా తీశారు, అది ఎంతసేపట్లో ల్యాబుకు చేరింది అన్నదాన్ని బట్టే దాని విలువ. ఈ మూడింటిలో ఒకటి తప్పినా డబ్బులు దండగ. పైగా లేనిపోని ధీమా వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ఈ పరీక్షను మనమే అడిగి చేయించుకోవాలి. 30 దాటినవారికి జాతీయ కార్యక్రమం కింద చేసే క్యాన్సర్ స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. ప్రైవేటు ల్యాబుల ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల్లో కొన్నింటిలో సీఈఏ అనే రక్తపరీక్ష పెట్టి ‘పేగు క్యాన్సర్ టెస్టు’ అంటారు. నమ్మొద్దు. సీఈఏ క్యాన్సర్ ఉందని తేలినవారి చికిత్సను గమనించడానికి పనికొస్తుంది. ఏ బాధా లేనివారిలో తొలిదశ క్యాన్సర్‌ను అది పట్టదు.

ల్యాబు కౌంటరు దగ్గర ‘స్టూల్ అకల్ట్ బ్లడ్’ అని బిల్లు రాస్తారు. ఆ పేరు కింద రెండు వేర్వేరు పరీక్షలు నడుస్తాయి, అందుకే ఏ పద్ధతి అని అడగండి. పాత గ్వాయక్ పద్ధతికి మూడు నమూనాలు ఇవ్వాలి. మూడు రోజుల ముందునుంచే మటన్, ముల్లంగి, విటమిన్ సి మాత్రలు మానాలి. తిన్న మాంసంలోని రక్తానికీ మనిషి రక్తానికీ అది తేడా చూడలేదు. ఫిట్ మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి పథ్యం అక్కర్లేదు. కడుపులో అల్సర్ నుంచి కారిన రక్తంలోని గ్లోబిన్ దారిలోనే అరిగిపోతుంది. అందువల్ల ఫిట్ పాజిటివ్ వస్తే వేలు ఎక్కువగా పెద్దపేగు వైపే చూపుతుంది. ఈ ఒక్క కారణం చాలు, పాత పద్ధతి వదిలేయడానికి.

మంచి కిట్‌లో చిన్న సీసా, అందులో 2 మి.లీ. ద్రావణం, మూతకే అమర్చిన సన్నని పుల్ల ఉంటాయి. పుల్ల కొనకు గాట్లుంటాయి. నమూనా తీసి సీసాలోకి దించేటప్పుడు అది ఇరుకు రంధ్రంలోంచి దూరుతుంది, ఎక్కువైనది అక్కడే గీసుకుపోయి సుమారు 10 మి.గ్రా. లోపలికి వెళ్తుంది. ఇంత కొలత ఉండబట్టే గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ వంటి హద్దు పెట్టి పాజిటివ్, నెగటివ్ చెప్పగలుగుతున్నారు. ద్రావణం లేని మామూలు ప్లాస్టిక్ డబ్బా ఇస్తే తీసుకోకండి. ఎండకు అందులో హిమోగ్లోబిన్ త్వరగా విరిగిపోతుంది, ఉన్న రక్తం కూడా లేనట్టు వస్తుంది.

మన దగ్గర అసలు తిప్పలు ఇక్కడే. రోహిణి కార్తె ఎండలో పలమనేరు కలెక్షన్ సెంటరులో ఇచ్చిన సీసా బైకు పెట్టెలో తిరిగి, సాయంత్రం బండెక్కి ఇంకో ఊరికి పోతే ఆ ఫలితాన్ని నమ్మడం కష్టం. పరీక్ష ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా అని ముందే అడగండి. వీలైతే చలికాలంలో చేయించుకోండి. పొద్దున తీసిన నమూనాను అదే పూట ఇచ్చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఎన్ని రోజులు ఆగవచ్చో పెట్టె మీద రాసి ఉంటుంది.

ఇండియన్ టాయిలెట్‌లో మలం నేరుగా నీళ్లలో పడుతుంది, యాసిడ్ క్లీనరు కూడా తగులుతుంది. ముందు మూత్రం పోసుకుని, ఆ తర్వాత పరిచిన కాగితం మీదో, పాత ప్లాస్టిక్ డబ్బాలోనో మలం పట్టండి. పుల్లతో ఒకేచోట గుచ్చకుండా నాలుగైదు చోట్ల పైపొరను గీయండి. గాట్లు నిండితే చాలు, ముద్ద తీస్తే కొలత తప్పుతుంది. మూత బిగించి ఊపి, పేరు, తేదీ, టైము రాయండి. నెలసరి సమయంలో, మూత్రంలో రక్తం పోతున్నప్పుడు తీయొద్దు.

ఇక ఎంతవరకు నమ్మొచ్చంటే, క్యాన్సర్ ఉన్న 100 మందిలో సుమారు 80 మందిని ఒక్క పరీక్షతో పట్టగలదు. మిగతా 20 మందికి నెగటివే వస్తుంది. క్యాన్సర్‌గా మారబోయే పాలిప్‌లను (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలను) పట్టడంలో ఇంకా బలహీనం, ఎందుకంటే అవి రోజూ రక్తం కార్చవు. అందుకే ఏటా చేయాలి. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి చాలావరకు పదేళ్లదాకా పడుతుంది. ఈ ఏడు తప్పించుకున్నది మరో ఏడు దొరుకుతుంది. ఒకసారి చేయించి మానేస్తే ఈ కిట్‌కు సగం బలం పోయినట్టే.

అమెరికా మార్గదర్శకాలు 2021 నుంచి 45 ఏళ్లకే మొదలుపెట్టమంటున్నాయి. అమ్మానాన్న, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40కి, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు. ఇలాంటివారికి, ఎనిమిదేళ్లకు పైగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి ఫిట్ చాలదు, నేరుగా కొలనోస్కోపీయే (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష). మలంలో రక్తం, వారాల తరబడి మారిన విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, మగవారిలో రక్తహీనత ఉన్నా అంతే. మన వీధుల్లో ‘మొలలకు గ్యారంటీ వైద్యం’ బోర్డులకు కొదవలేదు. వేలితో కూడా పరీక్షించకుండా రక్తం పడితే మొలలే అని లేహ్యం ఇచ్చి పంపేచోట నెలలు గడిచిపోతాయి. మలాశయంలోని గడ్డ కూడా అచ్చం అలాగే రక్తం కారుస్తుంది.

ఫిట్ పాజిటివ్ వస్తే ‘ఇంకోసారి చూద్దాం’ అని మళ్లీ కిట్ కొనకండి. రెండోసారి నెగటివ్ వచ్చినా మొదటిది రద్దవదు. నెలలు సాగదీయకుండా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో, చిత్తూరువాళ్లు వేలూరు సీఎంసీకో వెళ్లి కొలనోస్కోపీ చేయించుకోవాలి. పాజిటివ్ వచ్చినంతలో క్యాన్సరని కాదు. పెద్దపేగులో ఏమీ లేనివారిలోనూ 100కి ఐదారుగురికి పాజిటివ్ వస్తుంది.

కొలనోస్కోపీ బాగా జరగడం పేగు శుభ్రతలో ఉంది. రెండుమూడు రోజుల ముందునుంచి రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, ఆకుకూరలు, జామ, టమాటా గింజలు మానండి. తెల్లన్నం, ఇడ్లీ సరిపోతాయి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా పేగుకు అంటించేస్తాయి. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు డాక్టరుకు చూపి ఆయన చెప్పినట్టే చేయండి. పెగ్ పొడిని (పేగును కడిగే విరేచనాల మందు) రెండు లీటర్ల నీళ్లలో కలిపి, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు ఐదారు గంటల ముందు, పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. మొత్తం రాత్రే తాగేస్తే తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పైత్యరసం దిగి, పెద్దపేగు కుడివైపు పూత కడుతుంది. పాలిప్‌లు దాక్కునేది అక్కడే. చివరికి విరేచనం లేత పసుపు నీళ్లలా వస్తేనే సిద్ధమైనట్టు.

రిపోర్టులో స్కోపు సీకమ్ (పెద్దపేగు మొదలు) దాకా వెళ్లిందని ఫోటో, పేగు శుభ్రతకు బోస్టన్ స్కోరు (మూడు భాగాల్లో ఒక్కోదానికి కనీసం 2), వెనక్కి తీస్తూ చూసిన సమయం (కనీసం 6 నిమిషాలు) ఉన్నాయా చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి. పాలిప్ తీసి ఉంటే తర్వాతి కొలనోస్కోపీ ఎప్పుడన్నది బయాప్సీ రిపోర్టే తేలుస్తుంది. అది చేతికొచ్చాక మళ్లీ డాక్టరును కలిసి ఆ తేదీ రాయించుకోవాలి.