పాపికొండల యాత్రికుల కోసం చేయించిన ప్రచారం: ఒక విశాఖ సంస్థ పనితనంపై సమీక్ష

విశాఖపట్నం నుంచి పాపికొండలు జాతీయ పార్కుకు వెళ్లే యాత్రికులు అక్కడ ఎలా మెలగాలో చెప్పే ప్రచార సామగ్రిని మా నడక బృందం తరఫున ద్వారకానగర్‌లోని ఒక ప్రకటనల సంస్థ చేత చేయించాము. ఒక రేడియో ప్రకటన, నలభై సెకన్ల వీడియోలు మూడు, పోస్టర్లు ఐదు, వాట్సాప్‌లో పంపుకునే బొమ్మలు పన్నెండు, వీటన్నిటికీ పన్నులతో కలిపి లక్షా నలభై వేల రూపాయలు చెల్లించాము. అది చందాల సొమ్ము కనుక, ఇలాంటి పని చేయించదలచిన ఇతర బృందాలకు మా అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను. మెచ్చుకోలు కంటే ఫిర్యాదులే ఎక్కువగా ఉండబోతున్నాయి కాబట్టి సంస్థ పేరు చెప్పడం లేదు.

పాపికొండలకు జాతీయ పార్కు హోదా 2008లో వచ్చింది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అయితే, రాత్రి విశాఖలో బస్సెక్కి, రాజమహేంద్రవరం మీదుగా గండిపోచమ్మ రేవుకు చేరి లాంచీ ఎక్కే కుటుంబం దృష్టిలో అది అడవి కానే కాదు, గోదావరి షికారు. పాటలు, డాన్సులు, లాంచీలోనే భోజనం, పేరంటపల్లిలో కాసేపు దిగడం, వెదురు బొమ్మలు కొనుక్కోవడం, ఇదీ వారి యాత్ర. రెండు వైపులా ఉన్న కొండల్లో అడవిదున్నలు, చిరుతపులులు తిరుగుతాయన్న ఊహే చాలామందికి ఉండదు. ప్రచారం మొదలు కావలసింది అక్కడినుంచేనని మేము మొదటి సమావేశంలోనే చెప్పాము. రెండు వారాల తరువాత వారు తెచ్చిన స్టోరీబోర్డు, అంటే వీడియోలోని దృశ్యాలను వరుసగా చూపే బొమ్మల కాగితం, సింహగర్జనతో ప్రారంభమైంది! మన దేశంలో సింహాలు గుజరాత్‌లోని గిర్ పరిసరాల్లో తప్ప మరెక్కడా అడవిలో స్వేచ్ఛగా తిరగవని చెప్పి దానిని తీయించాము. రెండోసారి దుప్పి ఉండవలసిన చోట చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న విదేశీ జింక బొమ్మ వచ్చింది. ఊళ్లోనే, జాతీయ రహదారి పక్కన, సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యంలో చుక్కల దుప్పులు ఉన్నాయి. అక్కడ కనిపించకపోతే పక్కనే జంతుప్రదర్శనశాల ఉంది. ఒక ఉదయం కెమెరా పట్టుకుని వెళ్లడానికి వారికి తీరిక దొరకలేదు కాబోలు.

పోస్టర్లలోని తెలుగు ఇంకొక బాధ. ముందు ఇంగ్లీషులో రాసుకుని ఆ తరువాత తెలుగులోకి దించిన వాక్యాలు చూడగానే తెలిసిపోతాయి. ‘చేయరాదు’ అన్న మాట ఒకే పోస్టరులో తొమ్మిదిసార్లు కనిపించింది. అంతకంటే ఇబ్బందికరమైనది, 2022 జులై 1 నుంచి నీళ్ల సీసాలపై నిషేధం ఉందని రాయడం. ఆ రోజు దేశమంతటా అమలులోకి వచ్చిన నిషేధం ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వంటి వాటికి సంబంధించినది. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. తప్పు నిషేధం ప్రకటిస్తే, సంగతి తెలిసిన యాత్రికుడు మిగిలిన మాటలు కూడా నమ్మడు. ఆ వాక్యం తీసేసి, దాని స్థానంలో జాతీయ పార్కుకు ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమన్న విషయాన్ని పెట్టించాము. వనభోజనాలకు పొయ్యి వెలిగించేవారికి చెప్పవలసిన మాట నిజానికి అదే.

ఇన్ని చెప్పాక, రేడియో ప్రకటన గురించి మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసి ఉంది. అది రాసిన అమ్మాయి శ్రీకాకుళం వైపు మనిషి. లాంచీలో భోజనం ముగిసింది, పక్కన పాట మోగుతోంది, ఒక కుర్రవాడు ఎంగిలి ప్లేటు నీళ్లలోకి విసరబోయాడు. అంతలో ఒక ముసలమ్మ గొంతు: ‘‘ఏటిరా బుల్లోడా, గోదాట్లో పారేత్తన్నావు? మనింటి నూతిలో కూడా ఇలాగే పారేత్తావేటి?’’ ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత ప్లేటు సంచిలో పడిన చప్పుడు. అంతే. ఉపన్యాసం లేదు, బెదిరింపు లేదు, చివర్లో గంభీరమైన గొంతుతో నినాదం లేదు. తప్పు జరగబోయే క్షణాన్ని సరిగ్గా పట్టుకుని, ఆ క్షణంలో చేయవలసిన పని ఏమిటో చూపించింది. మేము ఇచ్చిన ఆడియోను ఒక లాంచీ గైడు భోజనాలకు ముందు స్పీకరులో వినిపించగా, నేను ఆ ప్రయాణంలోనే ఉన్నాను. జనం నవ్వారు, ఆ తరువాత ప్లేట్లు సంచిలోకే వెళ్లాయి. ఒక్క లాంచీని చూసి ప్రచారం ఫలించిందని అనను కానీ, అంతకు ముందు ప్రయాణాల్లో నేను చూసిన దృశ్యం అది కాదు.

వీడియోల్లో ఒకటి బాగుంది, ఒకటి ఫరవాలేదు, మూడోదాన్ని మేము వాడనే లేదు. బాగున్నది అనంతగిరి ఘాట్ రోడ్డులో కోతులకు కారులోంచి చిప్స్ విసిరే అలవాటు గురించి. అది పాపికొండల దారి కాకపోయినా, అరకు వెళ్లని విశాఖ కుటుంబం ఉండదు కనుక తెలిసిన చోటుతో మొదలుపెట్టడం తెలివైన ఆలోచన. తిండికి అలవాటు పడిన కోతి రోడ్డు మీదికి వస్తుంది, బండ్ల కింద పడుతుంది, మనుషుల చేతిలోని సంచి లాక్కోవడం నేర్చుకుంటుంది. ఈ మూడు సంగతులూ ఒక్క మాట కూడా లేకుండా దృశ్యాల్లోనే చెప్పారు.

పోస్టర్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టి, అది స్కాన్ చేస్తే నియమాలు కనిపిస్తాయన్నారు. కొండల మధ్య లాంచీ నడిచే చోట నా ఫోనులో సిగ్నలు గీత ఒక్కటి కూడా లేదు. ఆ కోడ్ ఉండవలసింది విశాఖలో టూర్ టికెట్ అమ్మే కౌంటరు దగ్గర, రాత్రి బస్సు సీటు వెనుక. పోస్టర్లను ఫ్లెక్సీల మీద ముద్రిస్తామని వారు ఇచ్చిన కొటేషను చూసినప్పుడైతే నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు అప్పటి ముఖ్యమంత్రి 2022 ఆగస్టులో ప్రకటించింది ఈ ఊళ్లోనే. చివరికి గుడ్డ మీద వేయించాము; ఖర్చు పెరిగింది, ఆ తేడా మా మీదనే పడింది.

గడువు విషయంలో క్షమించడం కష్టం. కార్తీక మాసపు వనభోజనాల రద్దీకి ముందే ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నా, పోస్టర్లు కార్తీక పౌర్ణమి దాటిన నాలుగో రోజున చేతికొచ్చాయి. మార్పులు చేసుకోవడానికి వీలైన అసలు ఫైళ్లు అడిగితే వేరే రుసుము అన్నారు. ఈ షరతు ముందే కాగితం మీద లేకపోవడం మా పొరపాటు కూడా; మీరు చేయించేటప్పుడు తప్పకుండా రాయించుకోండి.

వచ్చే ఏడాది సముద్రతీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలానికి మరో ప్రచారం అనుకుంటున్నాము. ఆడియో మాత్రం మళ్లీ వీరికే ఇస్తాము, అదే అమ్మాయి రాస్తానంటేనే. పోస్టర్లు మాకు తెలిసిన ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు చేత గుడ్డ మీద చేత్తోనే రాయిస్తున్నాము.